ఆస్తమాకు చెట్టు మందు పనిచేస్తుందా? ఉమ్మెత్త పొగ నుంచి మీ చేతిలోని ఇన్‌హేలర్ దాకా.. అసలు కథ ఇదీ!

మెదక్: శివరాత్రి వచ్చిందంటే చాలు.. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దారులన్నీ ఏడుపాయల వైపే. మంజీరా నది ఇక్కడ ఏడు పాయలుగా చీలి, రాళ్ల మధ్య నుంచి పారుతుంది. ఆ పాయల నడుమ వనదుర్గా భవానీ అమ్మవారి గుడి. జాతర మూడు రోజులు జనమే జనం. బండ్లు తిరిగే దుమ్ము, కట్టెల పొయ్యిల మీద వంటల పొగ, సాంబ్రాణి, అగరుబత్తులు, రాత్రయితే నది ఒడ్డున చలి. మామూలు మనిషికి ఇదంతా పండగ. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం దమ్ము పట్టడానికి కావలసినవన్నీ ఒక్కచోట చేరినట్టే.

జాతరల్లో ఇంకో దృశ్యం కూడా మామూలే. గోనెపట్టా పరిచి వేర్లు, బెరళ్లు, పొడులు అమ్మేవాళ్లు. "దమ్ముకు మందు" అన్న మాట వినగానే ఆగి చూసేవాళ్లు బోలెడు మంది. మరి ఆ ఆకుల్లో, వేర్లలో నిజంగానే మందు ఉందా? ఉంది. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. ఇవాళ ఆస్తమాకు వాడే మందుల్లో చాలావాటి పుట్టుక చెట్టులోనే. కానీ ఆకు వేరు, ఆకులోంచి వచ్చిన మందు వేరు. ఆ తేడా తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. ఎట్లాగో చూద్దాం.

గొట్టం బిగుసుకోవడం ఒకటి.. లోపల వాచిపోవడం ఇంకొకటి

ఆస్తమా అంటే ఆయాసం ఒక్కటే కాదు. ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచి, ఎర్రబడి ఉంటుంది. దుమ్మో, పుప్పొడో, పొగో తగిలితే ఒంట్లోని రక్షణ కణాలు అవసరానికి మించి రెచ్చిపోతాయి. మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ అనే రసాయనాలు వదులుతాయి. ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు అక్కడికి చేరి పొరను ఇంకా దెబ్బతీస్తాయి. దాంతో గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, జిగట కఫం పేరుకుంటుంది. అప్పుడు పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం, తెల్లవారుజామున దగ్గు.

అంటే సమస్యలు రెండు. బిగుసుకున్న కండరాన్ని వదులు చేయడం ఒక పని. ఇది నిమిషాల్లో తెలుస్తుంది. లోపలి వాపును తగ్గించడం రెండో పని. ఇది రోజులు, వారాలు పడుతుంది, మనిషికి వెంటనే ఏమీ తెలియదు. జనం ఏ మందునైనా మొదటి పనిని బట్టే మెచ్చుకుంటారు. ప్రాణం కాపాడేది మాత్రం ఎక్కువగా రెండో పనే. చెట్టు మందుల కథంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

శివుడికి పెట్టే ఉమ్మెత్త.. మద్రాసు నుంచి లండన్‌కు

శివరాత్రి పూజలో ఉమ్మెత్త పూలు పెడతారు. రోడ్డు పక్కన, దిబ్బల మీద మొలిచే ఈ విషపు మొక్కే ఆస్తమా మందుల చరిత్రలో పెద్ద మలుపు. దేశంలో ఉమ్మెత్తను ఎండబెట్టి పొగ పీల్చే అలవాటు పాతదే. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఈ సంగతి గమనించారు. ఆయన దగ్గర తెలుసుకున్న జనరల్ జెంట్ అనే అధికారి 1802లో ఆ మందును ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఆ తర్వాత యూరప్‌లో ఉమ్మెత్త జాతి ఆకులతో "ఆస్తమా సిగరెట్లు" తయారై, వందేళ్లకు పైగా మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. ఆస్తమాకు సిగరెట్టా అని ఇవాళ నవ్వొస్తుంది గానీ అప్పట్లో అదే గొప్ప మందు.

ఆ పొగ పనిచేసిన మాట నిజం. ఉమ్మెత్తలో అట్రోపిన్, హయోసిన్ లాంటి పదార్థాలు ఉంటాయి. గాలి గొట్టాలను బిగించమని నరాలు పంపే సంకేతాన్ని ఇవి అడ్డుకుంటాయి. కానీ అవే పదార్థాలు నోరు ఎండగొట్టి, కంటిపాప విప్పార్చి, గుండె దడ పెంచి, మతి తప్పిస్తాయి. ఒక కాయకూ ఇంకో కాయకూ మోతాదులో పొంతన ఉండదు. ఉమ్మెత్త గింజలు తిని ఆస్పత్రి పాలైన కేసులు మన దగ్గర ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

శాస్త్రవేత్తలు చేసిందేమిటంటే.. అట్రోపిన్ అణువును కొద్దిగా మార్చారు. పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోనే పనిచేసి, రక్తంలోకి, మెదడులోకి పెద్దగా చేరకుండా చేశారు. అలా వచ్చిందే ఇప్రాట్రోపియం. ఆయాసంతో ఆస్పత్రికి వెళ్తే నెబులైజర్‌లో సాల్బుటమాల్‌తో పాటు వేసే మందు ఇదే. దాని తర్వాతి తరం టయోట్రోపియం. అంటే ఉమ్మెత్త పొగకు మనవడు ఇవాళ ఎమర్జెన్సీ వార్డులో ఉన్నాడన్నమాట. అయితే ఒక మాట.. ఈ వంశమంతా గొట్టాన్ని విప్పేదే. లోపలి వాపును తగ్గించే పని దీనిది కాదు.

చైనా మూలిక ఎఫెడ్రాది కూడా దాదాపు ఇదే దారి. అందులోని ఎఫెడ్రిన్‌ను జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ 1885లో వేరుచేశారు. 1920ల్లో అది ఆస్తమా మాత్రగా ప్రపంచమంతా తిరిగింది. గుండె మీద ఒత్తిడి తెస్తుందని తేలాక, అంతకంటే మెరుగైన సాల్బుటమాల్ వచ్చాక పక్కకు తప్పుకుంది.

చాయ్ తాగితే దమ్ము తగ్గుతుందా?

కొంచెం తగ్గుతుంది. చాయ్, కాఫీల్లోని కెఫీన్ గాలి గొట్టాలను స్వల్పంగా వదులు చేస్తుంది. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ డాక్టర్ హెన్రీ హైడ్ సాల్టర్ తన ఆస్తమా రోగులకు చిక్కటి కాఫీ తాగమని సలహా ఇచ్చేవారు. కెఫీన్‌కు దగ్గరి చుట్టమైన థియోఫిలిన్‌ను జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ 1888లో తేయాకులోనే కనుగొన్నారు. తర్వాత దశాబ్దాల పాటు ఆస్తమాకు అదే పెద్ద దిక్కు. ఇప్పటికీ మన ఊళ్లలో రాసే కొన్ని ఆయాసం మాత్రల్లో ఉండేది ఇదే. తక్కువ మోతాదులో వాపును కూడా కొంత తగ్గిస్తుందని తర్వాత పరిశోధనల్లో తేలింది.

ఇబ్బంది ఎక్కడంటే.. థియోఫిలిన్‌లో పనిచేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఎక్కువైతే వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్. ఇక చాయ్‌లో ఉండే థియోఫిలిన్ లెక్కలోకి రానంత తక్కువ. ఎన్ని ఇరానీ చాయ్‌లు తాగినా మాత్రకు సాటిరాదు, నిద్ర మాత్రం పోతుంది.

అడ్డసరం: ఇంటి వైద్యం నుంచి దగ్గు సిరప్‌కు

తెలంగాణ పల్లెల్లో కంచెల పక్కన అడ్డసరం పొద చాలామందికి తెలిసిందే. దగ్గుకు ఆకు రసం తేనెతో ఇవ్వడం పాత వైద్యం. ఆయుర్వేదంలో దీని పేరు వాస. ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం మీద జరిగిన పనిలోంచే బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది. అది ఒంట్లోకి వెళ్లాక మారే రూపమే ఆంబ్రాక్సాల్. మీ ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ సీసా తిప్పి చూడండి, ఈ రెండింట్లో ఒక పేరు కనబడే అవకాశం ఎక్కువ. ఇవి కఫాన్ని పలచబరుస్తాయి. ఆస్తమాను అదుపు చేసే మందులు కావు.

వాపు సంగతేమిటి? ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు అడ్డసరం కషాయాన్ని ఎలుకల మీద పరీక్షించారు. ఆస్తమా తెప్పించిన ఎలుకల్లో గాలి గొట్టాల వాపు తగ్గిందని, స్టెరాయిడ్‌కు సరిగా లొంగని తీవ్ర రకంలో కూడా ప్రభావం కనబడిందని 2021లో పత్రాలు ప్రచురించారు. ఆశ పుట్టించే ఫలితమే. కానీ ఎలుకలో పనిచేసి మనిషిలో చతికిలబడిన మందుల జాబితా చాలా పెద్దది. అందుకే దీన్ని "ఆస్తమాకు చెక్" అని హెడ్డింగ్ పెట్టి షేర్ చేయడం తొందరపాటు. ఇంకో ముఖ్యమైన విషయం.. గర్భిణులు అడ్డసరం వాడకూడదు. గర్భసంచి సంకోచించేలా చేసే గుణం వాసిసిన్‌కు ఉంది.

మేకమేయని ఆకు: మనుషుల మీద పరీక్షించిన మొక్క

మన మూలికల్లో ఆస్తమా రోగుల మీద నిజంగా, పద్ధతి ప్రకారం పరీక్షించినవి చాలా తక్కువ. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది మేకమేయని ఆకు. కొన్నిచోట్ల వెర్రిపాల తీగ అంటారు. శాస్త్రీయ నామం టైలోఫోరా ఇండికా. పాత పేరులోనే ఆస్తమా ఉంది.. టైలోఫోరా ఆస్తమాటికా!

ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థలో డాక్టర్ శివపురి బృందం 1960ల్లో దీని మీద పనిచేసింది. 1969లో వచ్చిన పత్రం ప్రకారం 110 మంది ఆస్తమా రోగులకు రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించారు. కొందరికి అసలు ఆకు, కొందరికి ఉత్తుత్తి ఆకు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. వారం తర్వాత అసలు ఆకు తిన్నవాళ్లలో 62 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగింది. ఉత్తుత్తి ఆకు తిన్నవాళ్లలో 28 శాతం. ఇది చిన్న తేడా కాదు. ఆకులోని టైలోఫోరిన్ లాంటి ఆల్కలాయిడ్లు వాపు కణాలను అణచివేస్తాయని ల్యాబ్ పరీక్షలు కూడా చెప్పాయి.

మరి ఆ ఆకు ఇవాళ మందుల షాపులో ఎందుకు లేదు? మూడు కారణాలు కనబడతాయి. నోరు పుండు కావడం, రుచి పోవడం, వికారం, వాంతులు చాలామందిని ఇబ్బంది పెట్టాయి. వారాలు గడిచే కొద్దీ ఉపశమనం కరిగిపోయింది. ఇక 1979లో ఇంకో బృందం మళ్లీ అదే తరహాలో పరీక్షిస్తే అసలు ఆకుకూ ఉత్తుత్తి మందుకూ తేడా కనబడలేదు. ఒకసారి వచ్చిన ఫలితం రెండోసారి రాకపోతే దాన్ని మందు అనలేం. అయినా ఈ ఆకు కథ మనకు ఒక కొలత ఇస్తుంది. జాతరలో అమ్మే పొడికైనా, యూట్యూబ్‌లో చెప్పే కషాయానికైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనివాళ్లతో పోల్చారా, రెండోసారి కూడా అదే ఫలితం వచ్చిందా?

పొడి కొండల అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంకకూ ఒక చిన్న పరీక్ష ఉంది. అందులోని బోస్వెలిక్ ఆమ్లాలు ల్యూకోట్రయీన్ల తయారీని అడ్డుకుంటాయి. డాక్టర్లు రాసే మాంటెలుకాస్ట్ మాత్ర దెబ్బకొట్టేది కూడా ఈ ల్యూకోట్రయీన్లనే. 1998లో 40 మందికి 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఆరు వారాలు ఇస్తే 70 శాతం మంది మెరుగయ్యారు, మందు లేనివాళ్లలో 27 శాతం. అంకె బాగుంది. కానీ 40 మందితో తీర్పు ఇవ్వలేం.

పసుపు గురించి చెప్పకపోతే పాఠకులు ఊరుకోరు. పసుపులోని కర్క్యుమిన్ వాపును రగిలించే స్విచ్‌లను ఆపుతుందని ల్యాబుల్లో వందల సార్లు చూశారు. కానీ మింగిన కర్క్యుమిన్ రక్తంలోకి చేరేదే అతి తక్కువ, చేరింది కూడా కాలేయం వెంటనే విరగ్గొట్టేస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఎక్కువ చేరుతుంది, నిజమే. అదే పైపరిన్ రక్తంలో థియోఫిలిన్ మోతాదును కూడా పెంచుతుంది. కూరలో, పాలల్లో వేసుకునే పసుపు, మిరియాలతో భయం లేదు. క్యాప్సూళ్లుగా కొనేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పి తీరాలి.

వాపును నిజంగా లొంగదీసింది ఎవరు?

ఇక్కడే కథ రసవత్తరం. ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క ఉంది. మన వాము కుటుంబానికి చెందిందే. అందులోని ఖెల్లిన్ నుంచి మందు తయారు చేయాలని బ్రిటన్‌లో ఒక కంపెనీ ప్రయత్నించింది. అక్కడ పనిచేసే డాక్టర్ రోజర్ ఆల్టున్యాన్‌కు స్వయంగా ఆస్తమా. ఆయనకు గినీ పిగ్ జంతువుల చర్మపు పొట్టు పడదు. దాన్ని కావాలనే పీల్చి, ఆయాసం తెప్పించుకుని, కొత్త పదార్థాలను ఒక్కొక్కటిగా తన మీదే పరీక్షించుకున్నారు. ఏళ్ల తరబడి! చివరికి 1965లో క్రోమోగ్లైకేట్ దొరికింది. ఇది గొట్టాన్ని విప్పదు. మాస్ట్ కణాలు రసాయనాలు వదలకుండా ముందే ఆపుతుంది. చెట్టు పదార్థం ఆధారంగా వచ్చి, ఆస్తమాను మొదటి మెట్టులోనే ఆపిన మందు ఇది.

అంతకంటే పెద్ద కథ స్టెరాయిడ్లది. "స్టెరాయిడ్ అంటే కెమికల్, మూలిక అంటే సహజం" అనుకునేవాళ్లు ఇది వినాలి. 1940ల చివర్లో కార్టిజోన్ వచ్చినప్పుడు దాన్ని ఎద్దుల పిత్తం నుంచి తీసేవారు. తయారీ కష్టం, ధర ఆకాశంలో. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రస్సెల్ మార్కర్ 1940ల్లో మెక్సికో అడవి దుంపల్లోంచి డయోస్‌జెనిన్ తీసి, దాన్ని స్టెరాయిడ్ హార్మోన్లుగా మార్చే దారి చూపించారు. ఆ దుంప మన పెండలానికి చుట్టమే. మరోవైపు బ్రిటన్‌కు చెందిన గ్లాక్సో కంపెనీ తూర్పు ఆఫ్రికా సిసాల్ తోటల్లో నార తీయగా మిగిలిన పిప్పిలోని హెకోజెనిన్‌తో కార్టిజోన్ చేసింది. సిసాల్ అంటే పొలం గట్ల మీద కంచెగా నాటే కిత్తనారే! 1972లో పీల్చే స్టెరాయిడ్ బెక్లోమెథసోన్ మార్కెట్లోకి వచ్చాక ఆస్తమా వైద్యమే మారిపోయింది. మైక్రోగ్రాముల్లో మందు, నేరుగా వాచిన చోటికే.

డయోస్‌జెనిన్ మెంతుల్లో కూడా ఉంటుంది. అలాగని మెంతులు నానబెట్టి తాగితే ఒంట్లో స్టెరాయిడ్ తయారవదు. ఆ మార్పు చేసే యంత్రాంగం మనిషి శరీరంలో లేదు, ఫ్యాక్టరీలోనే ఉంది.

మరి చేప ప్రసాదం?

ఆస్తమా, తెలుగువాళ్లు అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. మృగశిర కార్తె రోజు బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మూలికల ముద్ద పెట్టి మింగిస్తుంది. శాకాహారులకు బెల్లంతో. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. కరోనా వల్ల మూడేళ్లు ఆగి, 2023 జూన్‌లో మళ్లీ మొదలైంది. హేతువాద సంఘాల అభ్యంతరాల తర్వాత "మందు" అన్న పేరు పోయి "ప్రసాదం" స్థిరపడింది. ముద్దలో ఏముందో కుటుంబం బయటపెట్టలేదు. ఏముందో తెలియనిదాన్ని, ఎంత ఉందో తెలియనిదాన్ని మేకమేయని ఆకులా పరీక్షకు పెట్టే వీల్లేదు. నమ్మకంతో వెళ్లేవాళ్ల నమ్మకం వాళ్లది. కానీ పథ్యం పేరుతో ఇన్‌హేలర్ ఆపేస్తేనే అసలు ప్రమాదం.

ఆపేస్తే ఏమవుతుంది?

గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ 2019 అంచనాల ప్రకారం మన దేశంలో ఆస్తమా ఉన్నవాళ్లు సుమారు 3.4 కోట్ల మంది. ప్రపంచంలో ఆస్తమాతో చనిపోయేవాళ్లలో 40 శాతానికి పైగా మన దేశంలోనే. రోగుల వాటా 13 శాతం, మరణాల వాటా అంతకు మూడింతలు. జబ్బు మనకే ఎక్కువై కాదు, వాపు తగ్గించే మందు సరిగా వాడకపోవడమే పెద్ద కారణం. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది", "ఆఖరి స్టేజీలో వాడేది", "ఆడపిల్ల వాడుతుందంటే సంబంధాలు రావు".. ఇవన్నీ మన ఇళ్లలో వినబడే మాటలే. వీటిలో ఒక్కటి కూడా వైద్యం చెప్పింది కాదు. పీల్చే స్టెరాయిడ్ బ్యుడెసోనైడ్, సాల్బుటమాల్, పైన చెప్పిన ఇప్రాట్రోపియం, టయోట్రోపియం అన్నీ కేంద్రం ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే.

ఇంకో తప్పు కూడా జరుగుతోంది. వెంటనే హాయినిచ్చే సాల్బుటమాల్ ఒక్కటే వాడుతూ రోజువారీ మందు మానేయడం. అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే జినా సంస్థ 2019 నుంచి దీన్ని వద్దంటోంది. గొట్టం విప్పే మందు ఒక్కటే వాడితే లోపల వాపు పెరుగుతూ పోయి, ఒకరోజు అది కూడా పనిచేయని స్థితి వస్తుంది. ఉమ్మెత్త సిగరెట్ల కాలంలో జరిగిందీ ఇదే.

పొడుల విషయంలో ఒక హెచ్చరిక. పేరులేని "మూలిక పొడి" వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే మంత్రమేసినట్టు దమ్ము తగ్గి, ఆకలి పెరిగి, మొహం ఉబ్బుతోందంటే అనుమానించాల్సిందే. ఇలాంటి పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం దేశదేశాల్లో బయటపడింది. పీల్చే మందులో మైక్రోగ్రాములైతే ఇక్కడ మిల్లీగ్రాములు, అదీ కొలత లేకుండా. షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. అందుకే అనుమానం వచ్చిన పొడిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా, ప్యాకెట్‌తో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

జాతరకు వెళ్తున్నారా?

రోజువారీ ఇన్‌హేలర్ ఉపవాసం రోజు కూడా వాడొచ్చు, అది కడుపులోకి తినేది కాదు. అయినా సందేహం ఉంటే సమయం గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. పీల్చాక నోరు పుక్కిలించాలి. సాల్బుటమాల్, స్పేసర్ బస్సులోని బ్యాగులో కాదు, మనిషి దగ్గరే ఉండాలి. పొయ్యిల పొగకు గాలి వాలున కాకుండా ఎదురు వైపు కూర్చోండి. బండ్లు తిరిగేటప్పుడు ముక్కుకు మాస్కో, తడి గుడ్డో అడ్డం పెట్టుకోండి.

దమ్ము పట్టినప్పుడు పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టాలి. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు పఫ్‌లు, ప్రతి పఫ్‌కు నాలుగు శ్వాసలు. నాలుగు నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్లీ నాలుగు. మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మగతగా ఉన్నా ఆగొద్దు. జాతర వైద్య శిబిరానికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండండి.